పైపు పొగాకు, రోజారమణి ముక్కు

"రొయ్యలు ఐస్‌క్రీమ్ వాసన కొడతా ఉండాయి సార్. నేను పాస్ చెయ్యను."

రోజారమణి నాతో మాట్లాడిన మొదటి మాట అది. మాట్లాడుతూనే లైను ఆపించేసింది. రెండు టన్నుల సరుకు ఐసులో అలాగే కూర్చుంది.

"ఐస్‌క్రీమా?" అన్నాను.

"వెనిలా."

"రొయ్యల్లో వెనిలా ఎక్కడినుంచి వస్తుందండీ?"

"అది కనుక్కునేది మీ పని. వాసన చెప్పేది నా పని."

నేను ఆ ప్లాంటులో చేరి అప్పటికి తొమ్మిది రోజులు. నాయుడుపేట దాటాక హైవే పక్కన రొయ్యల ఫ్యాక్టరీ, అందులో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. పేరు కిషోర్ బాబు, ఊరు మనుబోలు, వయసు ఇరవై ఎనిమిది. చూసేవాళ్లకు మాత్రం ఇంటర్ తప్పిన కుర్రాడిలా కనిపిస్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ మూడు రోజులు నన్ను లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజు రానిచ్చి, "మీ నాన్న ఏ సెక్షన్?" అన్నాడు.

రోజారమణి ఉద్యోగం వాసన చూడడం. ప్రతి లాటులోంచి పది రొయ్యలు తీసి పచ్చివి ఒకసారి, ఉడికించి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ల్యాబులో లక్షల మిషన్లున్నా ఆమె ముక్కు ఊ అంటేనే కంటైనర్ తలుపు పడేది. ఆ ముక్కు కోసం ఆమె డ్యూటీ రోజుల్లో పౌడరు రాసుకోదు, పూలు పెట్టుకోదు, క్యారియర్‌లో ఉల్లిపాయ తేదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం మాస్కు కిందికి లాగి, ఫ్లోరంతా ముక్కుతో వెతుకుతున్న అమ్మాయి ఒక్కతే కనిపించింది.

ఐసు పెట్టెలు చూసింది. టబ్బులు చూసింది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల గ్లౌజులు చూసింది. చివరికి నా ముందుకొచ్చి ఆగింది. అంత దగ్గరగా ఏ అమ్మాయీ నా ముందు ఆగలేదు. నేను కోటు గుండీలు సర్దుకున్నాను.

ఆమె వంగి నా కోటు జేబు వాసన చూసింది.

"ఈడ ఉంది."

జేబులోంచి నా పైపూ, వెనిలా పొగాకు ప్యాకెట్టూ బయటికొచ్చాయి. శాంపిల్ ప్లేటు ఆమెకు అందించింది నేనే, ఆ ప్యాకెట్టు ముట్టుకున్న చేత్తోనే. నలభై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా పకపకా నవ్వారు. "ఈ పిలకాయ పైపు తాగతాడంటమే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వేరే శాంపిల్ తీసి చూస్తే సరుకు బాగానే ఉంది. నాకు మాత్రం మెమో వచ్చింది.

అసలు ఆ పైపు కొన్నది ఈ పిలకాయతనం పోగొట్టుకోవడానికే. నోట్లో పైపు ఉంటే మనిషికి కాస్త బరువొస్తుందని నా లెక్క. పైపు కొనడం తేలికే, అందులో వేసుకోవడానికి నమ్మకమైన పొగాకు దొరకడమే గగనం. చెన్నై నుంచి తెప్పించిన చెర్రీ పొగాకు చాక్లెట్టు కాగితం తగలబెట్టినట్టుంది. వెనిలాది హల్వాలా తడితడిగా ఉంది. తొమ్మిది అగ్గిపుల్లలు గీస్తే గానీ అంటుకోలేదు, అంటుకున్నాక నాలుక తోలు లేచిపోయింది. మూడు రోజులు చేపల పులుసు తినలేకపోయాను. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి ఇంతకన్నా శిక్ష ఇంకేముంటుంది?

మా గేటు ముందు బంకు నడిపే మస్తాన్‌ని కూడా అడిగాను.

"మస్తాన్ అన్నా, పైపులో వేసే పొగాకు ఉందా?"

"బీడీలు విప్పి పోసుకోండి సార్. లోపలుండేది అదే కదా."

పోసుకున్నాను. నా దగ్గు టోల్‌గేటు దాకా వినిపించిందట.

మెమో వచ్చిన సాయంత్రం టీ కొట్టు దగ్గర రోజారమణికి సారీ చెప్పాను. ఆమె గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"ఆ ప్యాకెట్టు ఇట్టియ్యండి. డ్యూటీ అయిపోయింది, పర్లేదు." వాసన చూసి మొహం చిట్లించింది. "దీన్ని మీరు తాగతా ఉండారా, ఉడకబెడతా ఉండారా? ఆకు తక్కువ, పాకం ఎక్కువ. తడి ఆరనే లేదు. ఆ ఆవిరికే నాలుక కాలేది. పైగా మీరు గబగబా పీలుస్తా ఉంటారు."

"మీకెలా తెలుసండీ?"

"మా అవ్వ యాభై ఏళ్లుగా చుట్టలు చుట్టుకోని తాగతా ఉంది. ఆకు వాసనలోనే పెరిగినా."

"అయితే నాకో మంచి పొగాకు కుదిర్చి పెట్టండి. ప్లీజ్. మీ ముక్కు మీద నాకు నమ్మకం."

ఆమె నవ్వు ఆపుకుంది. "ఆదివారం మా ఊరికి రాండి. పని రోజుల్లో మాత్రం ఆ కంపు నా దగ్గరికి తేవద్దు. ఈ ముక్కే మా ఇంట్లో అందరికీ అన్నం పెడతా ఉంది."

ఆదివారం బైకు మీద తడ దాటి, పులికాట్ సరస్సు గట్టున ఉన్న వాళ్ల ఊరు చేరాను. రోజారమణి ఎదురొచ్చింది. తలనిండా మల్లెపూలు. వారమంతా మాస్కూ టోపీలో చూసిన మనిషేనా అని అలాగే నిలబడిపోయాను.

"బండి ఆపండి సార్. ఊరికే పెట్రోలు పోతా ఉంది," అంది.

వాళ్ల అవ్వ పేరు ముసలమ్మ. అరుగు మీద చుట్ట కాలుస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందబ్బయ్యా, గరిటె తెచ్చినావు?"

"గరిటె కాదవ్వా, పైపు."

ముసలమ్మ వెనిలా ప్యాకెట్టు వాసన చూసి, "ఇది పొగాకు కాదు, పెళ్లివారు పంచే మిఠాయి," అని తేల్చేసింది. రోజారమణి దాన్ని పేపరు మీద పరిచి నీడలో ఆరబెట్టింది. వేలితో నొక్కితే అంటుకోకుండా, నలిపితే పొడి కాకుండా ఉండాలట. అందులోకి ముసలమ్మ తన చుట్ట ఆకు చిదిమి ఇచ్చింది.

"చిటికెడే కలపండి సార్," అంది రోజారమణి. "మా అవ్వ ఆకు బో ఘాటు."

ఆమె ముందు చిటికెడు కలిపితే మగతనం ఏం కావాలి? ఆకంతా పైపులో కూరి వెలిగించాను. ఐదు దమ్ములు లాగాను. ఆరోది లాగబోయేసరికి సరస్సు పక్కకు ఒరిగింది, పడవలు ఆకాశంలోకి పోయాయి, నేను వలల కుప్ప మీద పడ్డాను.

అప్పుడే రోజారమణి నాన్న కామాక్షయ్య చేపల వేట నుంచి వచ్చాడు.

"ఎవురీడు? పట్టపగలు తాగి పడిపొయినాడే!"

"సారాయి కాదు నాయనా, అవ్వ ఆకు," అంది రోజారమణి.

దాంతో కామాక్షయ్య కోపం తల్లి మీదికి మళ్లింది. ముసలమ్మ చుట్ట నిప్పురవ్వలు పడి ఆయన నైలాన్ వలలకు ఎన్ని బొక్కలు పడ్డాయో ఊరందరికీ తెలుసు. ఆయన వేటాడే సమయం కన్నా వల కుట్టుకునే సమయమే ఎక్కువ.

"ఈ ఇంటికి ఒక పొగగొట్టం చాలు. ఇంకో పొగగొట్టం ఈ గడప తొక్కిందంటే ఊరుకోను!"

కళ్లు మూసుకునే ఆ మాట విన్నాను. రోజారమణి నిమ్మకాయ పిండిన మజ్జిగ తాగించి, తడిగుడ్డతో నా నుదురు తుడిచింది. ఆ చెయ్యి తగిలిన క్షణంలో నాకు రెండు సంగతులు తెలిసిపోయాయి. ఈ జన్మలో మళ్లీ పొగ ముట్టను. ఈ అమ్మాయి లేకపోతే నేను బతకలేను.

కానీ పొగ మానేశానని చెబితే ఆదివారం ఏ వంక పెట్టుకుని వెళ్లను?

అందుకని మానేసిన సంగతి దాచాను. ప్రతి ఆదివారం ఒక కొత్త ప్యాకెట్టో, ఒక కొత్త ఫిర్యాదో పట్టుకుని వెళ్లేవాణ్ని. "ఈసారి నాలుక మండిందండీ." "ఈసారి మధ్యలో ఆరిపోతోందండీ." ఆమె ఓపిగ్గా వాసన చూసేది. తీపి తగ్గించేది, ఆకు రకం మార్చేది, సరస్సు గాలికి తేమ పట్టకుండా బిగుతు మూత డబ్బాలో పెట్టి ఇచ్చేది. మూత మీద తేదీ, పాళ్లు పెన్నుతో రాసేది. నేను తిరిగి వస్తూ తడ రోడ్డు పక్క తుమ్మచెట్లలో ఆ పొగాకంతా పారబోసి, డబ్బా కడుక్కుని ఇంటికి పోయేవాణ్ని. పాపం, అంత కష్టపడి కలిపిందే అని బాధగానే ఉండేది. నా నటన చూసుకుంటే మాత్రం కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఈలోగా ముసలమ్మకు నేను బాగా నచ్చేశాను. "నా మనవరాలికి పొగ తాగేవాణ్నే తెస్తా. చేతిలో పొగ ఉన్నోడు నిదానంగా మాట్లాడతాడు. పొద్దుగూకితే నా పక్కన కూసోని కబుర్లు చెప్పేవాడు కావాల," అనేది. కామాక్షయ్య వల కుడుతూ, "తాగేవాడికి నా కూతుర్నియ్యను," అనేవాడు. మా అమ్మ పుట్టిల్లు ఆ సరస్సు అవతలి గట్టే. మాకూ వాళ్లకూ పిల్లనిచ్చి పుచ్చుకునే వరసలున్నాయి. అడ్డమల్లా పొగ ఒక్కటే.

ఎనిమిదో వారం, శనివారం సాయంత్రం, టీ కొట్టు దగ్గర రోజారమణి నా చేతిలో ఒక డబ్బా పెట్టింది.

"కుదిరింది సార్. నాలుక మండదు, మధ్యలో ఆరిపోదు. ఎప్పుడు కలిపినా ఒకే మాదిరిగా ఉంటది. పాళ్లు మూత మీద రాసినా. ఇంక మీకు నాతో పని లేదు."

"అంటే... రేపు రావద్దా?"

"రేపు మా నాయన ఎవరిదో సంబంధం మాట్లాడాలంటా ఉండాడు," అని టీ తాగకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మర్నాడు తెల్లారగానే బైకు తీశాను. వాళ్లింటి అరుగు ముందు నిలబడి, చెమటలు కక్కుతూ, కామాక్షయ్యను నేరుగా అడిగేశాను.

"మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చెయ్యండి మామా. మీరు సరేనంటే మా అమ్మావాళ్లను తీసుకొస్తాను."

ఆయన వల కుట్టడం ఆపలేదు. "మీ మేనమామను నేనెరుగుదును. మంచి ఇల్లే. ఒక్కటే అడగతా, నిజం చెప్పు. పొగ తాగతావా, తాగవా?"

ముసలమ్మ నోట్లోంచి చుట్ట తీసి నా వైపే చూసింది. గుమ్మంలో రోజారమణి.

తాగుతానంటే తండ్రి ఒప్పుకోడు. తాగనంటే అవ్వ ఒప్పుకోదు. పైగా ఎనిమిది వారాలు అబద్ధమాడానని రోజారమణికి తెలిసిపోతుంది. ఆ ముక్కును ఊరికే కష్టపెట్టానని తెలిస్తే ఆమె మళ్లీ నా మొహం చూస్తుందా?

"అదీ... అంటే... మామా..." అన్నాను.

"తాగడు నాయనా," అంది రోజారమణి.

నేను తుళ్లిపడ్డాను.

"వలల మీద పడిన రోజే మానేసినాడు. రెండు నెలలవతా ఉంది."

"మరి ఆ డబ్బాలు?" అంది ముసలమ్మ.

"యాడ పారబోస్తా ఉండాడో మరి. డబ్బాలు మాత్రం శుభ్రంగా కడిగి తెస్తాడు."

కామాక్షయ్యకు నమ్మకం కలగలేదు. "నీకెట్ట తెలుసు?"

"తెలీకేం? తాగేవాళ్ల చొక్కాకు ఆ వాసన పోదు. ఈయన చొక్కాకు లేదు. వేళ్లకు లేదు. జుట్టులో అయితే అసలే..."

టక్కున ఆగిపోయింది.

కామాక్షయ్య వల కింద పెట్టాడు. "జుట్టు దాకా పోయినావా, మే?"

రోజారమణి చున్నీలో మొహం దాచుకుని లోపలికి పరుగెత్తింది. ముసలమ్మ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. కామాక్షయ్య కాసేపు గంభీరంగా ఉండాలని చూశాడు గానీ ఆయన మీసం కింద కూడా నవ్వు దాగలేదు.

"అమ్మా, నువ్వేమంటావు? తాగడంట మరి," అన్నాడు.

"తాగకపోతే పాయె. కూసోని కబుర్లు చెప్తాడు గదా," అంది ముసలమ్మ. "లోపలికి పో అబ్బయ్యా. పిల్ల తలుపు చాటునే ఉంటది."

తలుపు చాటునే ఉంది. సిగ్గుపడుతూనే అడిగాను.

"అన్నీ తెలిసి కూడా ఎందుకు కలిపి ఇచ్చారు?"

"ఇయ్యకపోతే ఆదివారం రారు కదా."

"మరి నిన్న కుదిరిందన్నారు! ఇంక పని లేదన్నారు! ఎవరిదో సంబంధమన్నారు! నా ప్రాణం పోయినంత పనైంది తెలుసా?"

ఆమె చున్నీ తీసి నా వైపు సూటిగా చూసింది. కళ్లల్లో నీళ్లు, పెదాల మీద నవ్వు.

"ఎన్నాళ్లని చూసేది? ఈ వారమన్నా అడగతారు, ఈ వారమన్నా అడగతారని ఎనిమిది వారాలు చూసినా. మీరేమో వచ్చినప్పుడల్లా నాలుక మండిందంటానే ఉండారు!"