ముల్లు గుచ్చుకోని చక్రం

"రైలు కదిలేలోగా కార్డు దొరకాల. దొరక్కపోతే ఆ పాప రైలెక్కేదే లేదు," అన్నాడు చీఫ్ జయరామ్.

తిరుపతిలో ఒక ట్రావెల్ ఆఫీసు వెనక గది అది. ఏజెంట్ గిరికి బ్రీఫింగ్ అక్కడే జరిగింది. శ్రీహరికోట నుంచి రాకెట్ గైడెన్స్ కోడ్ ఉన్న మెమరీ కార్డు మాయమైంది. నేపాల్‌లో మౌంటెన్ బైక్ రేసుకు వెళ్తున్న కోమలి సామానులో దాన్ని సరిహద్దు దాటించాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. పాపం, కోమలికి ఆ సంగతే తెలియదు.

గిరికి ఒళ్లు మండింది. రెండేళ్లుగా వడమాలపేట గుట్టల్లో ఆమెకు కోచ్‌గా వేషం వేసింది అతనే. ఆ ముఠా డబ్బు పెట్టే ఆమె టీమ్ మీద కన్నేసి ఉంచడానికి వేసిన వేషం. వేసుకున్నాక అది నిజమైపోయింది. విజిల్ మెళ్లో వేసుకుంటే డిపార్ట్‌మెంటే గుర్తుండేది కాదు.

"సార్, ఈడ ప్రతి రేసులోనూ అదే గుట్ట, అదే అయిదుగురు. ఆ పాప కండ్లు మూసుకోని గెలుస్తాది. తనకంటే గట్టోళ్లు ఉండే తావుకు పోకపోతే ఇంగేం నేర్సుకుంటాది? సరిహద్దు దాటాల్సిందే."

"ఆ పాపతో పాటు రాకెట్ కోడ్ కూడా దాటుతాది గదప్పా," అన్నాడు చీఫ్.

ఆ మాట నిజమేనని గిరికీ తెలుసు. అదే అతనికి మరింత చిరాకు.

రేణిగుంట ప్లాట్‌ఫారం మీద కోమలి తన సైకిల్‌ను విప్పి అట్టపెట్టెలో సర్దుకుంటోంది. కార్డును పసిగట్టడానికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ స్కానర్‌ను గిరి చాటుగా పెట్టె మీదికి తిప్పాడు. అది హ్యాండిల్ దగ్గరా కూసింది, పెడల్ దగ్గరా కూసింది, చివరికి అతని విజిల్‌ను చూసి కూడా కూసింది. ఏ మహానుభావుడు తయారుచేశాడో గానీ, వాడెప్పుడూ సైకిల్‌ను చూసి ఉండడు.

అప్పుడే నల్ల కళ్లద్దాలతో, హైహీల్స్‌తో నవీన వచ్చింది. పేరుకు టీమ్ మేనేజర్. నిజానికి ఆ ముఠాలో మన డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషి.

"పుత్తూరు కట్టు కట్టించుకున్నారా?" అంది మెల్లగా. గుర్తింపు మాట సరిగ్గానే ఉంది.

"ఎముక అతుక్కుంది, నొప్పి పోలేదు," అన్నాడు గిరి.

కార్డు పొద్దున్నే లారీలో నాయుడుపేట వైపు వెళ్లిపోయిందని, వెంటనే హైవే మీదికి వెళ్లమని చెప్పింది. గిరి ప్రాణం లేచి వచ్చింది. నమ్మితే చాలు, కోమలి వెళ్లిపోతుంది. నమ్మాలనే ఉంది అతనికి.

అతను కదలబోతుంటే కోమలి పిలిచి, నవీన మేడమ్ వెనక చక్రానికి కొత్త టైరు వేయించిందని సంబరంగా చూపించింది. వడమాలపేట గుట్ట మీద తానే తొక్కి చూశానని నవీన నవ్వుతూ అందుకుంది.

కోచ్ అలవాటు ఊరికే పోదు. గిరి చక్రాన్ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి ఊపాడు. చప్పుడు లేదు.

ఆ గుట్టల్లో అడుగడుగునా కంప ముళ్లే. ట్యూబు ఉన్న టైరుతో పోతే పైకి చేరేలోపు గాలి పోతుంది. అందుకే ఇక్కడి రేసర్లంతా ట్యూబు తీసేసి టైర్లలో జిగురు పాలు పోస్తారు. ముల్లు దిగిన బెజ్జాన్ని ఆ పాలే పూడ్చేస్తాయి. చక్రం ఊపితే లోపల ఆ పాలు కదిలే చప్పుడు వినిపించాలి. ఇందులో ట్యూబు ఉంది. పైన ఒక్క ముల్లు గాటు కూడా లేదు.

"మీరు ఆ గుట్ట ఎక్కనే లేదు మేడమ్," అంటూ కత్తితో టైరు కోసేశాడు.

నవీన చేయి హ్యాండ్‌బ్యాగులోని లిప్‌స్టిక్ మీదికి పోయింది. అది తూటా పేల్చే లిప్‌స్టిక్. అయితే కూలీ వేషంలో పక్కనే ఉన్న ఏజెంట్ బాలచంద్ర ఆమె మణికట్టు పట్టేశాడు. ట్యూబులో రేకు చుట్టిన కార్డు దొరికింది. డిపార్ట్‌మెంట్ మనిషే ముఠాకు అమ్ముడుపోయింది.

గార్డు విజిల్ వేశాడు. కోమలి కోసేసిన టైరును చూస్తూ ఏడుపు మొహంతో నిలబడింది. ఫోన్‌లో చీఫ్, విచారణ కోసం ఆ పాపను కూడా ఆపమన్నాడు. సిగ్నల్ లేదని చెప్పి గిరి ఫోన్ కట్టేశాడు. స్టేషన్ బయట కారు మీదున్న తన సైకిల్ వెనక చక్రం ఊడదీసి పరిగెత్తుకొచ్చి, కదులుతున్న రైలుపెట్టెలోకి ముందు కోమలిని, తర్వాత సామానును, ఆఖరున ఆ చక్రాన్ని ఎక్కించాడు.

రేసు అయిన సాయంత్రం నేపాల్ నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నా ముందర ముప్పై మంది ఉండారు," అంది కోమలి. గొంతు నిండా సంతోషమే. "ఒక్కొక్కరి వెనకాల పోతా, మలుపు ఎట్ట తిప్పాల్నో సూసుకున్నాను. ఇన్నాళ్లూ నా ముందర ఎవురూ లేరు, ఎవుర్ని సూసి నేర్సుకునేది?"

ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని గిరి ఎన్నడూ చూడలేదు. అతని డిపార్ట్‌మెంట్‌లో ఓడినవాళ్లంతా రిపోర్టుల్లో గెలిచే ఉంటారు.