ఎండ కావాల్సిన బండి

"ఏమప్పా, బుర్ర ఉండేవాడు ఎవడన్నా బండిని ఎండలో పెడతాడా? ఆడ కానుగ చెట్టు కింద అంత నీడ ఖాళీగా ఉండాది. నేనేమన్నా బాడుగ అడుగుతానా?"

గొర్రెలు కాసే ఓబుళేసు తాత కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

బండి దిగిన హరినాథ్ నవ్వాడు. "ఎండే కావల్ల మామా. నీడలో పెడితే మా బండికి కూడు దొరకదు."

"ఎండ కావల్లని అడిగేవాణ్ణి నా జన్మలో ఈ పొద్దే చూస్తి" అన్నాడు తాత.

పక్కనే ఉన్న నిఖితకు తల కొట్టేసినట్టు అయింది. నిఖిత హరినాథ్ కూతురు. ఐదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో నాయనతో పాటు బండెక్కింది.

కంబదూరు చుట్టుపక్కల ఎండాకాలంలో నీడ అంటే మాటలు కాదు. ఇంటికొచ్చిన వాళ్లకు కాఫీ ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. నీడ ఇవ్వకపోతే మాత్రం ఊరంతా చెప్పుకుంటారు. అక్కడి ఎండ ఎలాంటిదంటే, మిట్టమధ్యాహ్నం మన నీడ కూడా భయపడి మన కాళ్ల కిందికి దూరి దాక్కుంటుంది. నమ్మకపోతే ఒకసారి వెళ్లి చూడండి. చెప్పులు మాత్రం మరిచిపోవద్దు.

అలాంటి చోట నీడ ఇస్తామంటే వద్దంటారా ఎవరైనా? నాయన వద్దన్నాడు.

ఆ బండి ఒకప్పుడు స్కూలు వ్యాను. హరినాథ్ దాని సీట్లు పీకేసి, ఇల్లుగా మార్చాడు. ఒక పక్క మంచం, ఒక పక్క ధర్మవరం పట్టుచీరల అర, మూలన గ్యాసు పొయ్యి. మంచం కింద రెండు పెద్ద బ్యాటరీలు. పైకప్పు మీద మూడు సోలార్ ప్యానెళ్లు. మంచం పక్కన, మేకపిల్లంత ఫ్రిజ్. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే హరినాథ్ ఈ బండిలో ఊరూరూ తిరిగి చీరలు అమ్ముతాడు. నిఖిత అమ్మ ధర్మవరంలో ఉండి కొట్టు చూసుకుంటుంది.

నిఖిత వాళ్ల అవ్వ లలితమ్మ కూడా బండిలోనే ఉంటుంది. చీర మడత విప్పి నాలుగు మాటలు చెప్పాలంటే అవ్వ తర్వాతే ఎవరైనా. కానీ అవ్వకు షుగరు. పొద్దున, సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆ మందు ఎండకు పాడైపోతుంది. అందుకే ఆ ఫ్రిజ్. పెరుగూ, మామిడి పళ్లూ అందులో చుట్టాలు మాత్రమే. ఇంటి యజమాని ఇన్సులిన్.

ఆ రోజు హరినాథ్ కొండ పక్కనున్న తండాకు చీరల మూట తీసుకుని తెలిసినవాళ్ల బైకు మీద బయల్దేరాడు. ఆ దారిలో వ్యాను పోదు. బండి ఆగిన దిన్నె మీద ఫోను సిగ్నలూ లేదు. అవ్వకు మోకాళ్ల నొప్పి, ఆమె బండిలోనే ఉండిపోయింది.

"నిక్కీ, ఈ పెట్టె చూడు" అన్నాడు హరినాథ్, గోడకు ఉన్న చిన్న పెట్టె చూపించి. "పచ్చ లైటు ఉంటే బ్యాటరీల కడుపు నిండినట్టు. పసుపు ఉంటే సగం. ఎరుపు వచ్చిందంటే పస్తు. నిన్నా మొన్నా మబ్బు పట్టింది గదా, ఇప్పుడు పసుపే ఉండాది. ఈ పొద్దు ఎండ బాగా కాస్తే సాయంత్రానికి పచ్చ అవుతాది. ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవద్దు."

"సరే నాయనా."

బైకు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

ఓబుళేసు తాత కానుగ నీడలో కూర్చున్నాడు. పక్కన తడి గోనె చుట్టిన నీళ్ల కుండ. గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. నిఖిత వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"మీ నాయనకు ఎండ సంగతి తెలీదు పాపా" అన్నాడు తాత. "ఒక ఏడు ఎట్లా కాసిందంటే, మా గొర్రెలు వాటి ఉన్ని అవే విప్పి భుజాన వేసుకొని తిరిగినాయి."

"అబద్ధం."

"అబద్ధమైతే ఆ గొర్రెనే అడుగు. దాని అవ్వ చూసినాది. అదే ఏడు నా రేడియో కూడా చెడిపోబోయింది. ఎండకు గొంతు ఎండిపోయి, పాట మధ్యలో ఖళ్లు ఖళ్లున దగ్గేది. నేనేం చేసినా? తడిగుడ్డ కప్పినా. అంతే. దగ్గు పోయింది, పాట వచ్చింది."

"రేడియో దగ్గుతుందా తాతా?"

"మిషన్ అయితే మాత్రం? దానికీ ప్రాణం అల్లాడతాది."

నిఖిత నవ్వింది. కానీ బండిలోకి వచ్చాక ఆ మాట గుర్తొచ్చింది. ఎందుకంటే ఫ్రిజ్ 'గుర్ర్' అంటోంది. ఆగకుండా అంటోంది. పరిగెత్తి పరిగెత్తి వచ్చిన కుక్కలాగా రొప్పుతోంది. పైకప్పుకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది.

పాపం, దీనికీ అల్లాడుతోంది, అనుకుంది నిఖిత.

అవ్వ కునుకు తీస్తోంది. చక్రాలు బురదలో దిగితే వేయడానికి నాయన ఉంచిన గోనె సంచులు బండి వెనక ఉన్నాయి. నిఖిత క్యానులో నీళ్లు పట్టి, వాటిని బాగా తడిపింది. వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కింది. ప్యానెళ్లు పెనంలా కాలుతున్నాయి. ఎండతో కరెంటు వస్తుందని నిఖితకు తెలియక కాదు. స్కూల్లో చెప్పారు. అందుకే బాగా ఆలోచించింది. రెండు ప్యానెళ్ల మీద సంచులు కప్పింది. మూడోదాన్ని మాత్రం వదిలేసింది. ఇద్దరు పడుకుంటే ఒకరు పనిచేస్తారు కదా, అనుకుంది.

కిందికి దిగి పైకప్పు లోపలి వైపు తాకి చూసింది. చల్లబడింది. నిఖితకు సంతోషం వేసింది. నాయన నీడ వద్దన్నా, తాను నీడ ఇచ్చింది.

సంచులు ఆరినప్పుడల్లా మళ్లీ తడిపింది. అలా మధ్యాహ్నం గడిచింది.

కొంతసేపటికి ఫ్రిజ్ చప్పుడు ఆగింది.

"చూడవ్వా, ఫ్రిజ్ హాయిగా నిద్రపోయింది" అంది నిఖిత, అప్పుడే లేచిన అవ్వతో.

"నా కన్నా పెద్ద నిద్రపోతుగా ఉండాదే" అంది అవ్వ. "పాపం ఆ గొర్రెలాయనకు చల్లటి నీళ్లన్నా ఇయ్యి."

నిఖిత ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల లైటు వెలగలేదు. ఐసు గడ్డలు నీళ్లయి కిందికి కారుతున్నాయి. సీసా పట్టుకుంటే చల్లగా లేదు.

ఆమె గోడ మీది పెట్టె వైపు చూసింది.

ఎర్ర లైటు.

నిఖిత తలుపు మూసేసింది. ఒక్క పరుగున పైకెక్కి సంచులు లాగేసింది. తడి సంచుల మట్టి అద్దాల మీద ఎర్రగా అంటుకుపోయింది. క్యానులో మిగిలిన నీళ్లలో కొంచెం తెచ్చి, తన చున్నీతో తుడిచింది. అప్పటికే ఎండ కొండ వైపుకు వాలింది. దిగి వచ్చి పెట్టె చూసింది. ఎర్ర లైటు కదల్లేదు. ఫ్రిజ్ మూలగలేదు.

కొత్త మందంతా అందులోనే ఉంది. మళ్లీ కొనాలంటే కళ్యాణదుర్గం పోవాలి. సాయంత్రం సూది సంగతి? బండి లోపల అప్పుడే ఉడికిపోతోంది.

"ఏమే, మొఖం అట్లా పెట్టినావు?" అంది అవ్వ.

ఏమీ లేదని చెప్పడానికి నిఖిత నోరు తెరిచింది. కానీ అవ్వ మొఖం చూశాక ఆ మాట రాలేదు.

"అవ్వా, ఫ్రిజ్ నిద్రపోలేదు. నేనే ఆపేసినా. పైన తడి సంచులు కప్పినా. దానికి ఎండ అని..."

అవ్వ ఫ్రిజ్ వైపు చూసింది. తర్వాత అంది, "నా మందుకు నీడ ఇయ్యబోయి కరెంటు తీస్తివా?"

"నాయన తిడతాడు."

"తిట్టనీలే. తిట్టు ఆరిపోతాది. మందు చెడిపోతే ఏం చేయల్ల, అది చూడు."

నిఖిత బయటికి వచ్చింది. ఎటు చూసినా ఎండే. కానుగ చెట్టు కింద ఓబుళేసు తాత కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. ఆ గోనె మీంచి నీళ్ల చుక్కలు మెల్లగా రాలుతున్నాయి. గాలి వచ్చి గోనెను తాకి వెళుతోంది.

నిఖిత పరిగెత్తింది. "తాతా, నీ కుండలో నీళ్లు చల్లగా ఉండాయా?"

"పళ్లు జివ్వుమంటాయి. ఒకసారి ఒక గొర్రె తాగి, దానికి తుమ్ములు వచ్చి—"

"కథ తర్వాత చెప్పు తాతా. కుండ ఇస్తావా? అవ్వ మందు పెట్టల్ల. సాయంత్రం దాకా మూత తీయకూడదు."

తాత ఆమె మొఖం చూశాడు. కుండ ఆమె వైపు జరిపాడు.

అవ్వ మందు సీసాలను ఒక స్టీలు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించింది. నిఖిత డబ్బాను కుండలో సగమున్న నీళ్లలో తేలేలా పెట్టింది. కుండ మీద మూత పెట్టింది. ఇందాక పైకప్పు మీద కప్పిన సంచుల్లోంచి ఒకటి తెచ్చి కుండకున్న గోనె మీదే ఇంకో పొరగా చుట్టింది. గాలి బాగా తగిలే చోట, నీడలో, రెండు రాళ్ల మధ్య పెట్టింది. క్యానులో అడుగున మిగిలిన నీళ్లను దోసిలితో కొద్దికొద్దిగా చల్లుతూ అక్కడే కూర్చుంది. గోనె ఆరిపోతుందేమోనని దాని మీంచి చూపు తిప్పలేదు.

"నీ పనికి నా గొంతు ఎండిపోతాంది" అన్నాడు ఓబుళేసు తాత. నిఖిత ఫ్రిజ్‌లోంచి తెచ్చిచ్చిన సీసా నీళ్లు ఒక గుక్క తాగి మొఖం చిట్లించాడు. "ఇదేంది, స్నానం చేసే నీళ్లా?"

నిఖితకు నవ్వు రాలేదు. మళ్లీ కొన్ని నీళ్లు చల్లింది.

పొద్దు వాలేసరికి హరినాథ్ వచ్చాడు. బైకు దిగకముందే నిఖిత ఎదురెళ్లి జరిగిందంతా చెప్పింది. ఏదీ వదల్లేదు, మూడో ప్యానెల్‌కు సెలవు ఇవ్వని సంగతి కూడా.

హరినాథ్ కుండ దగ్గరికి వెళ్లి డబ్బా తీశాడు. చేతిలో పట్టుకున్నాడు. చెంపకు ఆనించుకున్నాడు. చల్లగా ఉంది. అదే బైకు మీద సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి, అవ్వకు మందు రాసిచ్చిన డాక్టరుకు ఫోను చేశాడు.

నాయన తిరిగి వచ్చేదాకా నిఖిత లేవలేదు.

"వాడుకోవచ్చంట" అన్నాడు హరినాథ్. "మందుకు వేడి తగలకుండా కాపాడినారు, సరిపోయింది అన్నాడు."

అవ్వ సూది వేసుకుంది. అప్పుడు నిఖిత కళ్లలోంచి నీళ్లు జారాయి. గోనె మీద చల్లడానికి అక్కర్లేని నీళ్లు.

"నాయనా, పైకప్పు నిజంగా కాలుతాండె" అంది.

"అవును. వేడికి ప్యానెల్ కూడా కొంచెం సొమ్మసిల్లుతాది. నీకు వచ్చిన ఆలోచన తప్పుడు ఆలోచన కాదు. కానీ అది తినేది వేడిని కాదమ్మా, వెలుగును. నువ్వు చల్లగా ఉండమని దాని నోటికి గుడ్డ కట్టినావు. మూడూ ఒక తాడుకు కట్టిన ఎద్దులు. రెండు పడుకుంటే మూడోది ఏం లాగుతాది?"

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"అవ్వ తిట్టేసిందేమో అనుకుంటి."

"నేను నువ్వు తిడతావని ఊరుకుంటి" అంది అవ్వ లోపల్నుంచి.

నిఖిత ఓబుళేసు తాత వైపు తిరిగింది. "తాతా, నీ రేడియో నిజంగా దగ్గినాదా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "రేడియో నిజమే పాపా. దగ్గు కూడా నిజమే. దగ్గింది మాత్రం పక్కన కూర్చున్న మా ఇంటామె మారెక్క."

మరునాడు పొద్దున ఎండ ఇంకా ఎక్కలేదు. నిఖిత అందరికన్నా ముందే లేచి నిచ్చెన దగ్గర నిలబడింది. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో గోనె సంచి.

"నాయనా, అద్దాల మీద దుమ్ము ఉండాది. ఏ గుడ్డతో తుడవల్ల?"

"ఆ మెత్తటి దానితో. ఇప్పుడే, అవి చల్లగా ఉన్నప్పుడే తుడువు."

"ఈ సంచి?"

"అది నువ్వే చెప్పు."

నిఖిత ప్యానెళ్లు తుడిచి కిందికి దిగింది. సంచుల చివరలు బండి కిటికీ ఊచలకు కట్టి, మరో చివర రెండు కర్రలకు బిగించింది. బండి పక్కన చాపంత నీడ పడింది. బండి ఎండలోనే ఉంది. ఎండ బాగా ఎక్కాక గోడ మీది పెట్టెలో పసుపు లైటు వెలిగింది. లోపల ఫ్రిజ్ 'గుర్ర్' అని మొదలుపెట్టింది.

ఓబుళేసు తాత కుండ తీసుకుపోవడానికి వచ్చాడు. నిఖిత ఆయన్ను ఆ నీడలో కూర్చోబెట్టి, ఫ్రిజ్ చల్లబడ్డాక మందు అందులోకి మార్చి కుండా, చల్లటి సీసా నీళ్లూ ఇస్తానంది. వెనకే ఒక గొర్రె వచ్చి తల దూర్చింది.

"ఒకసారి ఏమైందో తెలుసా పాపా" అని మొదలుపెట్టాడు తాత. "మా గొర్రెకు నెత్తిన ఎండ తగిలి, దాని కళ్లు బల్బుల్లా వెలిగినాయి. రాత్రంతా ఊరికి లైటు..."

నిఖిత ఆయన ఎదురుగా కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా వింది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"తాతా, వెలిగింది గొర్రేనా, మారెక్కవ్వ చేతిలో టార్చిలైటా?"