ఒకే పలక మీద ఇద్దరు

ట్యూషన్ మాస్టారు చేసింది మామూలు అవమానం కాదు. తిట్టిన తిట్టునైనా మనిషి మర్చిపోతాడేమో గానీ, నలుగురి ముందు నవ్వుతూ అన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోతుంది.

టైర్ల షాపు పైన ఉన్న పొడుగాటి గదిలో ప్రతి ఆదివారం పదిమంది పెద్దమనుషులు చేరి, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద బొటనవేలంత సిపాయి బొమ్మలతో యుద్ధాలు చేసుకునేవారు. అట్టతో కొండలు, నీలం రిబ్బనుతో ఏరు. అంగుళాల టేపుతో కొలుచుకుని నడవాలి, పాచిక పడ్డదాన్ని బట్టి చావాలి. గడియారాలు బాగుచేసే ఆయన అక్కడ కొత్త మెంబరు. పాతకాలపు ఇటలీ సైన్యం ఒకటి తయారు చేసుకుందామని ఉంది, ఏ బొమ్మలు కొంటే బాగుంటుందో చెప్పండని మాస్టారిని మర్యాదగానే అడిగాడు. మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏడో క్లాసు పుస్తకంలో ఇటలీ ఉండదనుకుంటానండీ. మీరు డైనోసార్లు పెట్టుకోండి, వాటికి చరిత్ర అక్కర్లేదు" అన్నాడు.

గదంతా నవ్వింది. గడియారాలాయన కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా చిన్నబోవాలి కదా.

ఏడో క్లాసుతో బడి మానేసింది సరదాకి కాదు. తండ్రికి చూపు మందగిస్తే షాపులో ఆ బల్ల ముందు కూర్చోడానికి ఇంకెవరూ లేకపోయారు. అలా కూర్చున్నవాడు ముప్పై ఐదేళ్ళు వచ్చినా లేవలేదు. పెళ్ళి మాట ఎత్తేది అక్క ఒక్కతే, అదీ ఫోన్లో, అదీ వేరే సంగతులు అయిపోయాక.

కానీ పట్టుదల ఉన్న మనిషి. లైబ్రరీలో లావుపాటి పుస్తకం తెచ్చి, ఒక్కో పేజీ గడియారం విప్పినట్టు విప్పి చదివాడు. రోము ఇంకా రోమంత కాని రోజుల్లో, ఇటలీ మధ్య కొండల్లో సామ్నైట్లని ఒక మొండి జాతి ఉండేదట. ఒకసారి రోము సైన్యం మొత్తాన్ని ఇరుకు కనుమలో బంధించి, రెండు ఈటెలు పాతి పైన అడ్డంగా మూడోది కట్టి, దాని కింద నుంచి ఒక్కొక్కణ్ణీ వంగి నడిపించారట. ఆ పేజీ మూడుసార్లు చదివాడు. ఎందుకంటే క్లబ్బులో కూడా అదే ఆనవాయితీ. ఓడినవాడు టేపు కింద నుంచి వంగి పోవాలి. మాస్టారి దగ్గర ఉన్నది రోము సైన్యం. మాస్టారు వంగి రెండేళ్ళయింది.

బొమ్మల షాపులో ఆ మర్నాడే గొడవ వచ్చింది. సామ్నైట్ల అధికారుల ప్యాకెట్ ఒక్కటే మిగిలింది: సేనాపతి, బాకా ఊదేవాడు, జెండా మనిషి. ఈయన చెయ్యి, ఇంకో చెయ్యి ఒకేసారి దాని మీద పడ్డాయి. ఆ రెండో చేతికి గోళ్ళ నిండా తెల్లటి సున్నంలాంటి పొడి. ముప్పై ఏళ్ళ అమ్మాయి, జుట్టు నెత్తిన ముడి, ముడిలో ఒక పెన్సిలు.

ముందు చూసింది తనే అని ఆమె అంది. చూడటం కాదు, పట్టుకోవడం లెక్క అని ఈయన అన్నాడు. కాసేపు ఎవరూ వదల్లేదు. తర్వాత ఆమె ఈయన చేతిని చూసింది. ప్యాకెట్ని అంచుల దగ్గర, రెండు వేళ్ళతో, ఊపిరి తగిలితే పాడవుతుందన్నట్టు పట్టుకుని ఉన్నాడు.

"సరే, తీసుకోండి. కానీ సేనాపతికి రంగు నేనే వేస్తా."

"మీకెందుకండీ శ్రమ?"

"మీ బుట్టలో ఉన్నవాళ్ళని చూశాక జాలేసింది."

బుట్టలో ఏం తప్పుందో ఆయనకి అర్థం కాలేదు. ఆమె బల్ల మీద బొమ్మలన్నీ వరసగా నిలబెట్టి చూపించింది. సగం ఒక కంపెనీవి, పొడుగ్గా చీపురుపుల్లల్లా ఉన్నాయి. సగం ఇంకో కంపెనీవి, పొట్టిగా, తలలు గుమ్మడికాయలంత. వీళ్ళు ఒక కొండ వాళ్ళు కాదు, బస్టాండులో కలిసినవాళ్ళు అంది. పైగా అందరూ నోరు తెరిచి అరుస్తున్నారు గానీ లోపల పళ్ళు లేవు, సబ్బుబిళ్ళ పెట్టినట్టుంది అంది. ఆమె పనిచేసేది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో. రోజుకి ఇరవై నోళ్ళు చూసే మనిషి, నోరు చూసే మనిషిని తూకం వేస్తుంది.

ఆ రోజు షాపు మూసేదాకా ఇద్దరూ ఏరుతూనే ఉన్నారు. పొట్టివాళ్ళే ఉండాలని ఆమె. కొండమీద తిరిగేవాళ్ళకి పిక్కలు లావుగా ఉంటాయి, పొట్టిగానే ఉంటారట. ఛాతీమీద మూడు బిళ్ళల కవచం, నడుముకి వెడల్పాటి కంచు పటకా, శిరస్త్రాణానికి ఈకలు ఉన్నవాళ్ళే కావాలని ఈయన. ఈకలు వంకరగా అచ్చుపడ్డ ఆరుగుర్ని ఆమె పక్కన పెడితే, ఈయన తెచ్చి మళ్ళీ కలిపాడు.

"వంకరవాళ్ళు ఎందుకు?"

"వాళ్ళని ఇంకెవరు కొంటారండీ?"

ఆమె పెన్సిలు తీసి, జుట్టు మళ్ళీ ముడేసుకుని, పెన్సిలు మళ్ళీ గుచ్చుకుంది. అవసరం లేకుండానే.

అప్పట్నుంచి సాయంత్రాలు గడియారాల షాపులో గడిచాయి. ఈయన కంటికి భూతద్దం పెట్టుకుని కవచాల అంచులు అరగదీస్తాడు. ఆమె కట్టుడుపళ్ళకి రంగు వేసే సన్న బ్రష్షుతో కళ్ళు దిద్దుతుంది. ఆట రూళ్ళన్నీ ఈయన విప్పి చెప్పాడు. బొమ్మల్ని చిన్న చెక్కపలకల మీద అతికిస్తారనీ, ఒకే పలక మీద ఉన్నవాళ్ళు కలిసే కదలాలనీ, చస్తే కలిసే బల్ల దిగాలనీ. ఆ రూలు ఆమె రెండుసార్లు చెప్పించుకుంది.

మధ్యమధ్యలో మాస్టారిని తిట్టడం కూడా సాగింది. ఆ మనిషి నడక, ఆ కళ్ళజోడు, పాచిక వేసే ముందు దాన్ని ఊదే అలవాటు. ఆమె తలొంచుకుని ఒకసారి ఎంత నవ్విందంటే ఒక బొమ్మకి మూడో కన్ను పడింది.

మాస్టారితో ఆటకి ఇంకా నాలుగు రోజులుందనగా వాన పట్టుకుంది. ఆమె గొడుగు షాపులో మర్చిపోయిందని ఈయన ల్యాబుకి పరిగెత్తాడు. మెట్ల దగ్గర ఇంకెవరో ముందే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె దిగి వస్తూ, "అన్నయ్యా, వానలో ఎందుకొచ్చావు" అంది. గొడుగు కింద నుంచి తిరిగి చూసిన మొహం ట్యూషన్ మాస్టారిది.

ఈయన గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు ఆమె షాపులోకి వస్తే తల ఎత్తలేదు. ఆగని గడియారాన్ని విప్పి కూర్చున్నాడు.

"గూఢచారి పని బాగా చేశారు" అన్నాడు చివరికి.

ఆమె దాచలేదు. ఆ రోజు ప్యాకెట్ కొనుక్కు రమ్మని పంపింది అన్నయ్యే. గడియారాలాయన సామ్నైట్ల పుస్తకం చదువుతున్నాడని లైబ్రరీలో విని, అధికారులు లేకుండా చేస్తే సైన్యమే ఉండదని ఎత్తు వేశాడట.

"మరి కొనలేదేం?"

"మీరు పట్టుకున్న తీరు చూశా. అంత జాగ్రత్తగా ఎవరూ దేన్నీ పట్టుకోవడం నేను చూళ్ళేదు."

బయట వాన సన్నగా మొదలైంది. గోడమీద పదకొండు గడియారాలు పదకొండు టైములు చెబుతున్నాయి.

"మీ అన్నయ్యని అన్ని మాటలన్నాను."

"పాచిక ఊదే సంగతి మాత్రం నిజం. అయితే ఒకటి వినండి. మా అన్నయ్యకి ఏ సంబంధమూ నచ్చదు. తనని గెలిచినవాడైతే అసలు నచ్చడు. మీరు గెలిస్తే ఆయన మూడు నెలలు మీ పేరెత్తనివ్వడు."

సంబంధం అన్న మాట విని ఆయన చేతిలోంచి మర జారింది. ఓడిపొమ్మంటారా అని అడిగాడు.

"కావాలని ఓడితే జన్మలో నేను మాట్లాడను" అని ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. సేనాపతి బొమ్మ ఇంకా ఆమె దగ్గరే ఉంది.

ఆదివారం అది చిన్న కట్టుడుపళ్ళ డబ్బాలో వచ్చింది. బల్ల దగ్గరే తెరవాలని షరతు. తెరిచాడు. సేనాపతి శిరస్త్రాణం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీదకి నెట్టుకున్న నల్లటి భూతద్దం. పక్కన, అదే పలక మీద, ప్యాకెట్లో లేని ఇంకో మనిషి. పళ్ళ మైనంతో చెక్కి పోత పోసిన అమ్మాయి, నెత్తిన ముడి, ముడిలో సూదిమొనంత పెన్సిలు.

డబ్బా పంపిన మనిషి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తోంది. వీధిలో చూడ్డానికి ఏమీ లేదు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి.

సేనాపతి పలక మీద ఆడమనిషి ఏమిటని మాస్టారు గొణిగాడు. రూళ్ళలో వద్దని లేదని ఎవరో అంటే ఊరుకున్నాడు.

ఆట మొదలైంది. వంకర ఈకల ఆరుగురూ ఏటి రేవు దగ్గర కదలకుండా నిలబడ్డారు. మాస్టారి రోమనులు రెండు కొండల మధ్యకి వచ్చి, పుస్తకంలో లాగే ఇరుక్కుపోయారు. మాస్టారు పాచిక ఊదడం మానేశాడు. ఇక చెయ్యాల్సిందల్లా సేనాపతిని కొండ దింపి మూత బిగించడమే. దింపితే గెలుపు ఖాయం. కాకపోతే ఒక పాచిక వెయ్యాలి. అందులో ఒకటి పడితే సేనాపతి పలక బల్ల దిగిపోవాలి.

గడియారాలాయన చెయ్యి పలక దాకా వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. బాకావాణ్ణి ముందుకి జరిపాడు.

బాకావాడు ఎంతసేపు ఆగుతాడు. మాస్టారు సందు చూసుకుని బయటపడి, గంటలో అన్నీ ఊడ్చేశాడు.

ఆమె లేచి విసురుగా వచ్చింది. "కావాలనే ఓడారా?"

"లేదు."

"మరి సేనాపతిని ఎందుకు దింపలేదు?"

"ఒకటి పడితే ఇద్దరూ దిగిపోవాలి కదండీ" అన్నాడు, పలకని అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని. "గెలవాలనే వచ్చా. చెయ్యి రాలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి, ఆ పలకని కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. భూతద్దాన్ని, ముడిని, పెన్సిలుని. ఆ ఇద్దరూ ఎవరో పోల్చుకోలేనంత అమాయకుడు కాదు ఆయన.

"దింపుంటే నేను పోయేవాణ్ణి. తెలుసా మీకు?"

"తెలుసు."

మాస్టారు టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఇంకొకరికి ఇచ్చాడు. ఆనవాయితీ ఆనవాయితీయే. గడియారాలాయన వంగాడు. పక్కన ఇంకో తల కూడా వంగింది.

"నువ్వెందుకే?" అన్నాడు మాస్టారు.

"ఒకే పలక మీదున్నవాళ్ళు కలిసే కదలాలి అన్నయ్యా. రూళ్ళ పుస్తకం నువ్వేగా రాసింది."

గదిలో ఎవరూ నవ్వలేదు. టేపు ఓ జానెడు పైకి లేచింది.

"తల జాగ్రత్త, బావగారూ" అన్నాడు మాస్టారు, ఇంకెటో చూస్తూ. "ఏడో క్లాసులో ఇటలీ ఉండదన్నాను. పొరపాటైంది."

ఆ ఆదివారం గడియారాలాయన మాస్టారి చేతిలో పోగొట్టుకున్న భూమి మొత్తం ఇంత: అట్ట కొండలు రెండు, ఏటి రేవు ఒకటి, బల్ల ఎడమ అంచు నుంచి ముప్పై నాలుగున్నర అంగుళాలు.