రాజరత్నం గడప మీద కర్పూరం

కడియం కాలవ గట్టు మీద రాజరత్నం వంటిల్లు ఉందే — చీకటి పడ్డాక ఆ దారంట ఎవరూ ఒంటరిగా వెళ్ళరండి.

రాజరత్నం పెళ్ళిళ్ళ వంటవాడు. నిరుడు ఆ ఇంట్లోనే గ్యాస్ అంటుకుని పోయాడు, పాపం. ఆ తర్వాత లోపల ఒక్క గ్యాస్ బండ లేదు, పొయ్యి లేదు... అయినా గుమ్మం ముందుకి వచ్చేసరికి గుప్పుమని గ్యాస్ కంపు! ఆ వాసన తగిలినవాళ్ళు గడప మీద కర్పూరం వెలిగించి, సత్యదేవుణ్ణి తలుచుకుని, వెనక్కి చూడకుండా పోయేవారు.

ఇది గ్యాస్ బండలు వేసే అప్పాజీ నాకు చెప్పింది. స్వామి సాక్షిగా, నేనొక్క ముక్క కలపలేదు.

మొన్న వేసవిలో రాజరత్నం భార్య వరహాలక్ష్మి ఆ ఇల్లు తెరిచింది. బతకాలి కదండీ! తెల్లారితే నర్సరీ కూలీలకి ఇడ్లీలు వెయ్యాలని. కరెంటు ఇంకా కలపలేదు. అప్పాజీ బండ తెచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. వెన్నెల్లోనే దింపి, మూత పీకి, రెగ్యులేటర్ కోసం గట్టు మీది ఆటో దగ్గరికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి — ఆ కంపు.

వరహాలక్ష్మి గడప బయటే నిలబడి ఉంది. "మా ఆయన వచ్చారు, అప్పాజీ..." గుసగుసగా అంది.

"భయపెట్టకక్కా... నేనసలే పిరికి సన్నాసిని."

"భయమెందుకురా? బతికుండగా నీకు పులిహోర పెట్టకుండా పంపారా ఎప్పుడైనా?"

గడప మీద కర్పూరం పెట్టింది. అగ్గిపుల్ల తీసింది. పదిహేనేళ్ళుగా బండలు మోసినవాడు — అప్పాజీ కూడా చేతులు జోడించాడండి! తాను అప్పుడే దింపిన బండ గుర్తే రాలేదు.

జోడించిన చేతుల మీదుగా చూపు లోపలికి పోయింది. వెన్నెల్లో, బండ మూతి దగ్గర, ఏదో తెల్లగా... బుడగ. ఉబ్బింది... పగిలింది. ఇంకోటి...

"వెలిగించకు!"

అగ్గిపెట్టె లాక్కుని కాలవలోకి విసిరాడు. బండని బయటికి ఈడ్చి, మూత బిగించాడు. బుడగలు ఆగాయి.

చమురు శుద్ధి చేసేచోట పుట్టే ఈ గ్యాస్‌కి సొంత వాసనే ఉండదటండి. కారితే మనం పసిగట్టాలని ఆ కంపు కలుపుతారట. మనమేమో దానికి హారతి పట్టబోయాం!

అప్పాజీ గట్టు మీద కూలబడ్డాడు. "సమయానికి మూతికి సబ్బు నురగ రాశావక్కా. బతికిపోయాం."

"నేనా?" వరహాలక్ష్మి గడప వైపు చూసింది. "నేను లోపలికే వెళ్ళలేదురా... కొత్త బండ కారుతోందేమోనని నురగ రాసి చూసేది ఆయనే."

గడప మీది కర్పూరం తీసి కొంగున ముడేసుకుంది.

"ఆ ఒక్కరోజే... మర్చిపోయారు."