దీపాలవేళ తిప్పిన లైను

అట్టపెట్టెకు రెయిన్‌కోటు తొడిగి, తాను నిలువెల్లా తడిసి వచ్చిన మనిషిని ప్రమోదిని అంతవరకు చూడలేదు.

భైంసాలో నిర్మల్ రోడ్డు మీద ఫజలుద్దీన్ సేఠ్ పత్తి మిల్లు ఉంది. ఆ మిల్లు ఆఫీసులో ప్రమోదిని టెలిఫోన్ ఆపరేటర్. 1996లో, వానలు ఇంకా వెనక్కి తగ్గని రోజుల్లో, ఆ యువకుడు గుమ్మం ముందు నీళ్లు కారుతూ నిలబడ్డాడు. పెట్టె మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

"బూట్లు ఆడ్నే ఇడ్వండి. ఇప్పుడే నేల తుడిపిచ్చిన" అంది ప్రమోదిని.

"బూట్లు ఇడుస్త. నేను గూడ తడిసిన. నన్నెక్కడ ఇడ్వమంటరు?"

"ఎండల. అది వచ్చినంక."

అతను నవ్వి వరండాలోనే ఉండిపోయాడు. పెట్టెను మాత్రం రెండు చేతులా, పసిపిల్లను అందించినట్టు, లోపలికి అందించాడు. పేరు ఉపేందర్‌రావు. కరీంనగర్‌లో ఫోన్ మిషన్లు అమ్మి బిగించే దుకాణం పెట్టుకున్నాడు. ఆ పెట్టెలో ఉన్నది మిల్లుకు సేఠ్ తెప్పించిన, ఫోన్లను తనంతట తానే కలిపే కొత్త ఎక్స్‌ఛేంజి మిషన్.

ఇది వస్తే తన పని ఏమవుతుందని ఆమె అడిగింది. అతను తల తుడుచుకుంటూ, తీరిగ్గా స్వెటర్ అల్లుకోవచ్చన్నాడు. మాట సరదాకే అన్నాడు. కాని ఆ ఉద్యోగం ప్రమోదిని నాన్నను నెల రోజులు బతిమాలి తెచ్చుకున్నది. బొంబాయి వ్యాపారులు కూడా ఆమె గొంతు విని గుర్తుపడతారు. అందుకే మిషన్ బిగించిన రెండు రోజులూ ఆఫీసులో అందరికీ చాయ వచ్చింది, ఉపేందర్‌కు తప్ప.

రెండో రోజు సాయంత్రం సేఠ్ ఆమెను పిలిచి, ఈ మిషన్‌కు పగటిపూట మంచి ఆపరేటర్ ఉండాల్సిందేనని ఇంజినీర్ గట్టిగా చెప్పాడని, అందుకని జీతం కూడా పెంచుతున్నానని అన్నాడు. ఆమె వెళ్లి స్వయంగా చాయ తెచ్చి అతని ముందు పెట్టింది.

"స్వెటర్ అల్లుడు నాకు రాదు" అంది.

"నేర్సుకోకండి. మీ పని మీరే చెయ్యాలె" అన్నాడు ఉపేందర్.

ఆ తర్వాత మిషన్‌కు తరచూ జబ్బు చేయసాగింది. లైన్‌లో గురగుర చప్పుడు వస్తోందని ప్రమోదిని కరీంనగర్‌కు ఫోన్ చేసేది. అతను బస్సెక్కి వచ్చేవాడు. రిసీవర్ చెవికి పెట్టుకుని గురగుర ఎక్కడుందని అడిగేవాడు. మీరు రాగానే ఆగిపోయిందని ఆమె అమాయకంగా చెప్పేది.

నిజమైన చిక్కు వేరే ఉంది. మిషన్ మీద రాత్రి బటన్ ఒకటి ఉంది. పగలు వచ్చిన ఫోన్లు ఆఫీసులో ఆమె బల్ల మీద మోగుతాయి. ఆ బటన్ నొక్కితే చాలు, తెల్లవారే దాకా వచ్చే ఫోన్లన్నీ గేటు దగ్గర వాచ్‌మన్ లచ్చయ్య గదిలో మోగుతాయి. బటన్ నొక్కకుండా ఆఫీసుకు తాళం వేస్తే, ఫోన్ తాళం వెనక మోగుతూనే ఉంటుంది. వినేవాడు ఉండడు.

ప్రమోదిని పొద్దు వాలకముందే ఇంటికి వెళ్లాలి. దీపం పెట్టే వేళకు బిడ్డ ఇంట్లో ఉండాలన్న మాట మీదే ఆమె తండ్రి బాలకిషన్‌రావు ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. బొంబాయి ఫోన్లేమో చీకటి పడేదాకా వస్తాయి. అందుకని గుమాస్తా కైలాసం అప్పటిదాకా ఆఫీసులో కూర్చుని, బటన్ నొక్కి తాళం వేసి పోవాలి. కైలాసం మంచివాడే. కాని రోడ్డు మీద బాసర బస్సు హారన్ వినిపిస్తే అతనికి తాళం తప్ప మరేదీ గుర్తుండదు.

అలా రెండుసార్లు మరచిపోయాడు. రెండుసార్లూ పెద్ద బేరాలు పోయాయి. సేఠ్ మంచి మాటతోనే చెప్పాడు. "బేటీ, చీకటి పడేదాంక నువ్వన్న కూసో, లేకుంటే కూసునే పిల్లనన్న చూడనీ."

ఈసారి ప్రమోదిని కరీంనగర్‌కు ఫోన్ చేసి గురగుర మాట ఎత్తలేదు. తన నౌకరీ పోయేటట్టుందని చెప్పింది. మరునాటి మొదటి బస్సుకు ఉపేందర్ దిగాడు.

మిల్లుకు రెండో లైను ఉంది. దానికి బయటినుంచి ఫోన్ చేస్తే మిషనే ఎత్తుకుని బీప్ అనేటట్టు ఏర్పాటు చేశాడు. బీప్ తర్వాత నాలుగు రహస్య అంకెలు నొక్కాలి. సరిపోతే పొడుగాటి కూత వినిపిస్తుంది. అంతే, మిల్లు రాత్రి పద్ధతిలోకి మారినట్టు. కైలాసం మరచిపోయినా ఆమె ఇంట్లో కూర్చుని లైను తిప్పవచ్చు.

"అంకెలు మీరే పెట్టుకోండి. ఎవలకు చెప్పొద్దు, నాకు గూడ" అని అతను గోడవైపు తిరిగాడు.

టక్ టక్‌మని నాలుగు చప్పుళ్లు వినిపించాయి.

"పుట్టినరోజా?"

"కాదు."

"మరి?"

"గోడ దిక్కే చూడండి ఇంజినీర్ సాబ్. ఇంక అయిపోలే."

అయిపోయి చాలాసేపయింది. గోడను చూస్తూ నిలబడ్డ అతని వీపును ఆమె తీరిగ్గా చూసింది.

ఇంట్లో ఫోన్ పల్స్ పద్ధతిలో ఉంది. బటన్లు నొక్కితే మిషన్‌కు వినిపించాలంటే దాన్ని టోన్‌లోకి మార్చాలి. ఆ పని కోసం ఉపేందర్ సాయంత్రం వాళ్లింటికి వచ్చాడు. ఫోన్ అడుగున చిన్న స్విచ్ జరిపితే పని అయిపోయింది. కాని బాలకిషన్‌రావు కూర్చోమన్నాడు. తల్లి రాధాబాయి చాయ ఇచ్చి తులసి దగ్గర దీపం పెట్టడానికి వెళ్లింది. ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఆ ఇంట్లో సందెవేళ తలుపు మూయరు. లక్ష్మి వచ్చే వేళ అంటారు. ఆమె ఏ వీధిన వస్తుందో, ఎవరింట్లో కాలు పెడుతుందో మనలో ఎవరు చూశారు? అయినా తెరిచి ఉంచిన తలుపు వల్ల ఎవరికీ చెడు జరిగినట్టు వినలేదు.

ప్రమోదిని రిసీవర్ ఎత్తింది. ఏం చేస్తున్నారని తండ్రి అడిగాడు.

"మిల్లు బంద్ చేస్తున్నం సార్, ఈడ్నుంచే" అన్నాడు ఉపేందర్, మురిసిపోతూ.

బాలకిషన్‌రావు లేచివచ్చి బిడ్డ చేతిలోని రిసీవర్ తీసుకుని నెమ్మదిగా ఫోన్ మీద పెట్టాడు. "గీ యాళ్లకు మా ఇంట్ల తలుపు మూయం. ఒకరి తలుపు మా ఇంట్ల కూసోని మూస్తమా? ఇంక కొంచెం చీకటి పడనీ."

అప్పటిదాకా ఆగితే కైలాసం పోయాక ఫోన్లు ఎవరికీ అందవని ప్రమోదిని చెప్పబోయింది. ఉపేందర్ ముందుపడ్డాడు.

"అది ఉత్త మిషన్ సార్. మిషన్‌కు, లక్ష్మికి ఏం సంబంధం?"

"దసరాకు నీ దుకాణంల మిషన్లకు పసుపు కుంకుమ పెడ్తవా, పెట్టవా?"

"పెడ్త."

"ఎందుకు?"

ఉపేందర్ గ్లాసు ఎత్తి మళ్లీ కింద పెట్టాడు. చాయ చల్లారింది.

సాగనంపడానికి వాకిట్లోకి వచ్చినప్పుడు ప్రమోదిని కళ్లలో నీళ్లు లేవు, నిప్పు ఉంది. "మా బాపును గెలువనీకి వచ్చిండ్రా, నా నౌకరి నిలబెట్టనీకి వచ్చిండ్రా?" అంది. అతను ఏదో చెప్పేలోగా లోపలికి వెళ్లిపోయింది. ఆ తలుపు సందెవేళ కాబట్టి మూయలేదు గాని, లేకుంటే గట్టిగానే చప్పుడయ్యేది.

నెలాఖరుకు మానేస్తానని ఆమె సేఠ్‌తో చెప్పింది. కరీంనగర్‌కు ఫోన్లు ఆగిపోయాయి. అక్కడ ఉపేందర్ దుకాణంలో ఫోన్ మోగితే చాలు, చేతిలోని స్క్రూడ్రైవర్ పడేసి ఉరికేవాడు. ఎవరో మరొకరు ఉండేవారు. రెండుసార్లు తానే భైంసా నంబరు కలిపి, ఆమె "హలో" అనగానే క్షమాపణ చెప్పకుండానే పెట్టేశాడు.

ఇంకా నెలాఖరు కాకముందే కార్తీకం వచ్చింది. మిల్లు వెనక ఆవరణలో పత్తి కుప్పలు కొండల్లా లేచాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతుల ఏడాది కష్టమంతా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ప్రమోదిని తులసి ముందు వత్తులు నూనెలో తడుపుతోంది. ఇంట్లో ఫోన్ మోగింది. మిల్లు వెనక గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో జాకెట్లు కుట్టే ఆమె స్నేహితురాలు మక్సూదా.

"పత్తి కుప్ప కాడ పొగ లేస్తుంది ప్రమోదినీ. మిల్లుకు ఎంతసేపు ఫోన్ జేసినా ఎవలు ఎత్తుతలేరు. మా తమ్ముణ్ని ఉరికిచ్చిన, గని గేటు కాడికి సుట్టు తిరిగి పోవాలె. జర ఏమన్న చెయ్."

ప్రమోదినికి వెంటనే అర్థమైంది. కైలాసం బస్సు హారన్ విన్నాడు. ఫోన్ తాళం వెనక మోగుతోంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు యంత్రాల రొదలో, ముందున్న గేటు దగ్గరివాళ్లకు వెనక సంగతి తెలియదు.

ఆమె నూనె చేతులతో తండ్రి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పింది.

"నాలుగు అంకెలు నొక్కితే లచ్చయ్య కాడ మోగుతది బాపూ. నీ మాట దాటను. నువ్వే చెప్పు."

బాలకిషన్‌రావు జపమాల పక్కన పెట్టాడు. తెరిచి ఉన్న తలుపువైపు ఒకసారి చూశాడు. వాకిట్లో దీపం ఇంకా వెలిగించలేదు. లేచివెళ్లి రిసీవర్ తానే ఎత్తాడు.

"నంబరు చెప్పు."

ఆమె రెండో లైను నంబరు చెప్పింది. అవతల బీప్ అంది.

"రెండు" అంది ప్రమోదిని. "ఏడు. ఒకటి. ఆరు."

దేవుడి మీద అక్షతలు వేసినట్టు ఒక్కొక్క బటన్ మీద ఆయన వేలు ఆగి ఆగి పడింది. పొడుగాటి కూత గది అంతా వినిపించింది. వెంటనే ఆయన మొదటి లైనుకు కలిపాడు. ఒక గంట. రెండో గంట.

"హలో, గేటు."

"లచ్చయ్యా, నేను బాలకిషన్‌రావును. ఎన్క కుప్పకు నిప్పంటింది. పైపు ఇడ్వు. అందర్ని పిలువు."

గేటు దగ్గర హమాలీలు చాయ తాగుతున్నారు. గ్లాసులు అక్కడే వదిలి పరుగెత్తారు. కుప్పలో ఒక మూల బండెడు పత్తి కాలింది. మిగిలిన కొండంతా దక్కింది. ఆ మాట లచ్చయ్య ఫోన్లో చెప్పినప్పుడు బాలకిషన్‌రావు చేతులు జోడించాడు, ఫోన్‌కో దేవుడికో ఆయనే చెప్పాలి. అప్పుడు ప్రమోదిని దీపం వెలిగించింది.

మరునాడు పొద్దువాలే ముందు సేఠ్ మిఠాయి డబ్బాతో వాళ్లింటికి వచ్చాడు. వెంట ఉపేందర్ కూడా ఉన్నాడు. సంగతి తెలిసి, మిషన్ చూడటానికి మొదటి బస్సుకే వచ్చాడట. గుమ్మం బయటే బూట్లు విడిచి, రమ్మనేదాకా అక్కడే నిలబడ్డాడు.

"మీ చేత్తోని నా మిల్లు బచాయించిండ్రు రావుసాబ్" అన్నాడు సేఠ్.

"నేను మూస్తున్న అనుకున్న సేఠ్. నొక్కినంకనే ఎరుకయింది, అప్పటిదాంక మూసి ఉన్న తలుపు తెరుసుకున్నదని. మనిషి మేలుకోని ఉన్న దిక్కుకు లైను తిప్పుడు పాపమెట్లయితది?" బాలకిషన్‌రావు తులసి దగ్గరి ప్రమిదను చూపించాడు. "అదీ గంతే గద. చీకట్ల వచ్చెటోనికి దోవ."

ఇకనుంచి రోజూ దీపం పెట్టగానే బిడ్డ ఇక్కడినుంచే లైను తిప్పుతుందని ఆయనే చెప్పాడు. మానే మాట మరచిపొమ్మన్నాడు. వేరే పిల్లను తాను వెతకనే లేదని సేఠ్ ఒప్పుకున్నాడు. ప్రమోదిని ముఖం పండుగలా ఉంది.

ఉపేందర్ ముందుకు వచ్చాడు. "ఆ దినం నేను మీ మాట వినకుండనే జవాబిచ్చిన సార్. మాఫ్ చెయ్యండి."

"మిషన్ మంచిగనే పెట్టినవ్. మళ్ల ఏమన్నయితే నిన్నెట్ల పిలువాలె? నీ దుకాణం నంబరేంది?"

"ఫోర్ టూ, సెవెన్ వన్ సిక్స్."

బాలకిషన్‌రావు మోకాలి మీద ఆయన వేలు దానంతట అదే కదిలింది. రెండు. ఏడు. ఒకటి. ఆరు. వేలికి గుర్తుంది. ఆయన తలెత్తి బిడ్డను చూశాడు. ప్రమోదిని తులసి ఆకులు లెక్కపెడుతున్నట్టు వంగింది. గుమ్మం దగ్గర రాధాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంజినీర్ సాబ్, మా బిడ్డ పెట్టుకున్న అంకెలు నీకెరుకనా?"

"లేదు సార్. అప్పుడు నేను మొఖం తిప్పుకున్న."

"అవి నీ దుకాణం నంబర్ల ఆఖరి నాలుగు."

ఉపేందర్ కరీంనగర్ నుంచి ఎన్నో వైర్లు తెచ్చి కలిపాడు గాని, ఈ లైను ఇలా కలుస్తుందని అనుకోలేదు. ఆమెవైపు చూశాడు.

"కంప్లయింట్లు చేసి చేసి గదే నోటికి వచ్చింది" అంది ప్రమోదిని, ఆకుల మధ్యనుంచి.

"లైన్ల గురగుర లేదని నాకు మొదటి రోజే ఎరుక."

"మరెందుకు వచ్చిండ్రు?"

"మీరు పిలిస్తే ఎట్ల రాకుంట? ఇంక పిలువకున్నా వస్త, మీరు ఒప్పుకుంటే."

ఆమె తలెత్తింది. తండ్రివైపు కాదు, సూటిగా అతనివైపే చూసింది. "ఒప్పుకున్నందుకే గద ఆ అంకెలు" అంది.

సేఠ్ మిఠాయి డబ్బా తెరిచాడు. ఏ సంతోషానికని తెచ్చాడో దానికే కాక మరోదానికీ పనికివచ్చింది. బాలకిషన్‌రావు ఒక ముక్క తీసి ఉపేందర్ చేతిలో పెట్టాడు.

"మీ బాపును తీస్కొని రా. పొద్దుమీకె యాళ్లకే రా. మా తలుపు తెరిచే ఉంటది."

దీపం వెలిగింది. రహస్యం నలుగురికీ తెలిసిపోయింది కాబట్టి ఇక్కడినుంచే పాత అంకెలు తీసేసి కొత్తవి పెట్టమన్నాడు సేఠ్. ప్రమోదిని రిసీవర్ ఎత్తగానే, ఉపేందర్ అలవాటుగా గోడవైపు తిరిగాడు.

"ఇగ మొఖం తిప్పుడెందుకు అల్లుడా" అంది రాధాబాయి.