మేడమీద పోర్షన్ అద్దెకు కలదు

"ఈ ప్రకటన రాసిన మహానుభావుడు ఎవరండీ?"

ఏకాంబరం ఇళ్ల బ్రోకరాఫీసులో ఆ పూట దేవనాథన్ ఒక్కడే ఉన్నాడు. తప్పించుకునే దారి లేదు.

"నేనే," అన్నాడు.

కుముదవల్లి వారపత్రికను టేబుల్ మీద పరిచింది. "ఆహ్లాదకరమైన కొండ దృశ్యం అని రాసినారే, మా మేడమీద కొండ యాడ కనపడతాది?"

"కనపడదా?"

"బాత్‌రూమ్‌లో బకెట్ బోర్లించి ఎక్కితే కనపడతాది. పొద్దున వచ్చినాయన అట్లే చూసినాడు. బకెట్ పగిలింది. మా నాయన్ని అబద్ధాలకోరు అని తిట్టిపోయినాడు."

దేవనాథన్ పెన్ను మూత తీశాడు. "మరేం రాయాల?"

"ఉండేది రాయండి."

ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. రెండు గదులు. కొళాయి నీళ్లు పొద్దునపూట మాత్రమే. మధ్యాహ్నం వేడి. మెట్లు నిటారు. ఇంటాయన తెల్లవారకముందే తిరుప్పావై పాశురాలు గట్టిగా చదువుతారు.

"ఇది సదివి ఎవరొస్తారండీ?"

"వచ్చినోళ్లు తిట్టరు గదా."

బయట వాన మొదలైంది. ఆమె గొడుగు తేలేదు. ఆ వాన దేవనాథన్‌కు చాలా నచ్చింది.

ఈ కొత్త ప్రకటన చూసి పాకాల నుంచి బదిలీ అయిన రైల్వే గార్డు వచ్చాడు. మెట్లెక్కి, కొళాయి తిప్పి, "అంతా రాసినట్టే ఉండాది" అని అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చాడు. అంతటితో పని అయిపోవాలి. కానీ దేవనాథన్‌కు ప్రతి ప్రకటన మీదా అనుమానాలు రావడం మొదలైంది. అవి తీర్చుకోవడానికి రోజూ కుముదవల్లి వాళ్ల అరుగు దాకా వెళ్లేవాడు.

"ఒకాయన 'మనవాళ్లకు మాత్రమే' అని రాయమంటున్నాడు."

"అద్దె సరిగ్గా కట్టేవాళ్లంతా మనవాళ్లే. ఆ మాట కొట్టేయండి."

కొట్టేశాడు. అప్పుడే తెలిసింది అతనికి, ఈ పిల్ల లేకుండా తను బతకలేడని.

పెళ్లి మాట ఎత్తడానికి పెద్దమనిషిగా ఆఫీసు యజమాని ఏకాంబరమే బయల్దేరాడు. "మాట్లాడేది నాకొదిలెయ్ అప్పా. నువ్వు నోరు తెరవద్దు."

కుముదవల్లి తండ్రి సుదర్శనం దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఆయన ముందు కూర్చుని ఏకాంబరం మొదలుపెట్టాడు. "అబ్బాయికి వడమాలపేటలో సొంతిల్లు. విశాలమైన పెరడు. కొబ్బరిచెట్లు. పర్మనెంట్ ఉద్యోగం."

సుదర్శనం ముఖం విచ్చుకుంది. తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. నోరు మూసుకుంటే పిల్ల దక్కుతుంది. కానీ ఆ తలుపు వెనకున్న మనిషి తనను ఏమనుకుంటుంది? దేవనాథన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు ఉండాదండీ. వానొస్తే వంటింట్లో కురుస్తాది. కొబ్బరిచెట్టు ఒకటే, అదీ పక్కింటోళ్లది. ఉద్యోగం ఈయన దగ్గరే. ఇప్పుడు పోయి ఉంటాది."

ఏకాంబరం పైకప్పు వైపు చూశాడు.

సుదర్శనం కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంకేమన్నా లోపం ఉండాదా?"

"మీ అమ్మాయంటే నాకు ప్రాణం. అది లోపమో కాదో మీరే చెప్పాల."

కుముదవల్లి తలుపు తోసుకుని బయటికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"నాయనా, నా సంగతి గూడా సెప్పు. నాకు కోపమెక్కువ. రసం తప్ప ఏమీ సెయ్యలేను. అన్నీ ఇన్నాక గూడా కావాలంటాడేమో అడుగు."

"కావాల," అన్నాడు దేవనాథన్, సుదర్శనం నోరు తెరవకముందే.

సుదర్శనం పంచాంగం తేవడానికి లేచాడు.