సగానికి ఒక్క మెట్టు పైన

"ఈ అగ్రిమెంటు మీద సంతకం పెడితే మీ కంపెనీలో మీరు ఉద్యోగిగా మిగులుతారండీ. అదీ వాళ్లకి ఇష్టమైనన్నాళ్లే."

లాయర్ అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు.

ఐసమ్మకు ఒళ్లు మండింది. మందులూ టీకాలూ కరెంటు లేని చోట కూడా చెడిపోకుండా ఉంచే చల్లపెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఆమెది. అందుకే వర్క్‌షాపులో అందరికీ ఆమె ఐసమ్మ.

"నేను అడిగింది తప్పులేమైనా ఉంటే దిద్దమని. జాతకం చెప్పమని కాదు."

"జాతకం కాదండీ, పదకొండో పేజీ."

పక్కన కూర్చున్న ఆమె బాబాయ్ కిసుక్కున నవ్వాడు. వర్క్‌షాపులో వెల్డింగ్ అంతా ఆయనదే. ప్రతి కామా దగ్గరా ఆగి చదివే ఈ కుర్ర లాయరుకి అప్పటికే 'కామా' అని పేరు పెట్టేశాడు.

కోపం పైకే. లోపల ఐసమ్మకు వణుకు. బ్యాంకులో ఉన్నది వచ్చే నెల జీతాలకే సరి. పెట్టుబడి పెడతానన్న పెద్దమనిషి శుక్రవారం దాకానే ఆగుతానన్నాడు.

కామా టేబుల్ మీద గుండుసూదుల డబ్బా బోర్లించాడు.

"మొత్తం వంద షేర్లనుకోండి. ఆయనకి ఇరవై. మరి మీకు?"

"ఎనభై. ఆమాత్రం లెక్కలు నాకూ వచ్చు."

"అరవై అయిదు." పదిహేను సూదులు పక్కకు తోశాడు. "ఇందులో 'మొత్తం షేర్లు' అంటే ఏమిటో చూడండి. రేపెప్పుడో ఉద్యోగులకు ఇవ్వబోయేవి కూడా ఇప్పుడే ఇచ్చేసినట్టు లెక్క. అవి ఆయన డబ్బు రాకముందే తీసి పెట్టాలట. అంటే కోత మొత్తం మీకే. ఆయన ఇరవై చెక్కుచెదరదు."

"మావాళ్లకేగా ఇస్తున్నది," అంది. గొంతు కాస్త తగ్గింది.

"ఇవ్వండి. ఇద్దరూ కలిసి ఇవ్వండి. ఇంకోటి ఉంది. రేపు రోజులు బాగాలేక ఇంకొకరికి సగం ధరకే షేర్లు అమ్మారనుకోండి. అప్పుడు ఈయన కూడా మొదట్నుంచీ సగం ధరకే కొన్నట్టు లెక్క మారిపోతుంది. పైసా కట్టకుండా ఇరవై కాస్తా నలభై. కొత్తాయనకి ముప్పై ఇచ్చారంటే మొత్తం నూటయాభై. అందులో మీ అరవై అయిదు ఎంత?"

ఐసమ్మ సూదుల వంక చూసింది. తన కుప్ప కదలలేదు. చుట్టూ కుప్పలే పెరిగాయి.

"సగం కూడా లేదు."

"నలభై మూడు శాతం. సగం కిందికి పడిపోతే కంపెనీ నడిపే కుర్చీ మీది కాదు."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. చిన్న క్లినిక్కులకు అంత చవగ్గా ఎందుకిస్తున్నావమ్మా అని ఆ పెద్దమనిషి రెండుసార్లు అడిగాడు. కుర్చీ ఆయన చేతికి పోయిన మర్నాడే ఆ క్లినిక్కులకు పెట్టెలు ఆగిపోతాయి.

"ఏం చెయ్యమంటారు?"

"చవగ్గా అమ్మిన షేర్లు ఎన్నున్నాయో చూసి, ఆ మేరకే సగటు ధర కట్టమందాం. అప్పుడు ఆయనకి అదనంగా వచ్చేవి రెండో మూడో. ఉద్యోగుల కోత కూడా ఇద్దరూ పంచుకుంటే, ఇలాంటి రోజే వచ్చినా మీకు యాభై ఒకటి మిగులుతుంది."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోవచ్చు," అన్నాడు. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పే రకం కాదతను. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

శుక్రవారం ఐసమ్మ పెద్దమనిషి ఆఫీసు మెట్లెక్కుతుంటే, కింద క్యాంటీన్ అద్దంలోంచి కనిపించాడు కామా. ఎదురుగా అవతలి పక్షం లాయరమ్మ. ఒకే డబ్బాలోంచి తింటూ పగలబడి నవ్వుకుంటున్నారు.

ఐసమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. అమ్ముడుపోయాడు!

విసురుగా లోపలికి వెళ్లింది. "ఎంతకి కుదిరింది బేరం?"

కామాకు పొలమారింది. లాయరమ్మ తాపీగా నీళ్లందించింది. "నేను వీడి వదినని అమ్మా. ఇంట్లో అన్నం పెడతాను గానీ, ఇక్కడ ఒక్క అక్షరం కూడా వదలను."

"మొదటి మెయిల్లో మొదటి లైనే అదండీ," అన్నాడు కామా దగ్గుతూ. "మీకు అభ్యంతరమైతే తప్పుకుంటానని కూడా రాశాను. మీరు దేన్నీ చదవరుగా!"

ఫోన్ తీసి చూసింది. ఉంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు చెప్పండి. తప్పుకోనా?"

"వద్దు," అంది. మరీ తొందరగా అన్నానేమో అనిపించింది.

పెద్దమనిషి ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ మెత్తదనానికే ఆమెకు చెమటలు పట్టేవి. మార్పులన్నీ విని, కళ్లజోడు తీసి, "నా మీద నమ్మకం లేదా అమ్మాయీ?" అన్నాడు.

"ఉందండీ." మాట వణికింది, ఆగలేదు. "ఉంది కాబట్టే రాసుకుందాం అంటున్నాను. ఇలా అయితేనే సంతకం పెడతాను."

ఆయన లేచి బయటికి వెళ్లాడు. వెనకే లాయరమ్మ. తలుపు మూసుకుంది.

కిటికీ మీద వాన మొదలైంది. పోయింది, అంతా పోయింది. బాబాయికి ఏం చెప్పాలి? వర్క్‌షాపులో అందరికీ? ఎప్పుడు పట్టుకుందో ఏమో, కామా చొక్కా చెయ్యి ఆమె పిడికిట్లో నలిగిపోతోంది. అతను కదల్లేదు, కనీసం దగ్గలేదు.

లాయరమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఆయన వెళ్లిపోయారు."

ఐసమ్మ లేచి నిలబడింది.

"కోపంగానే వెళ్లారు. కానీ రెండింటికీ ఒప్పుకున్నారు, తన తరఫున నన్ను సంతకం పెట్టమన్నారు. డబ్బు మాత్రం ఒకేసారి ఇవ్వరు, రెండు విడతలు." అప్పుడు నలిగిన చొక్కా చెయ్యి చూసి, "మరిదిగారూ, ఇస్త్రీ నేను చెయ్యను," అని వెళ్లిపోయింది.

సంతకాలయ్యాక ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడ్డారు. కింద వ్యాన్లో బాబాయ్.

"సోమవారం నుంచి మీ ఫైలు మా సీనియర్ చూస్తారండీ," అన్నాడు కామా.

పొద్దుటి నుంచీ పడిన భయాలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. "ఎందుకు? నేనేం చేశాను?"

"క్లయింటుని సినిమాకి పిలవకూడదని మా ఆఫీసు రూలు."

వాన హోరులో సరిగ్గా విన్నానా అనుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గానే విన్నది.

"ఒరే కామా!" వ్యాన్లోంచి బాబాయ్ అరిచాడు. "కామా పెట్టి ఊరుకుంటే ఎలారా, మిగతాది కూడా చెప్పు! మా అన్నయ్యని ఒప్పించే పూచీ నాది!"

ఐసమ్మ నవ్వబోయి ఆగింది. "నాకు భయంగా ఉంది."

"ఇంకా దేనికండీ?"

"దీంట్లో ఏం రాసుందో ముందే చదివి చెప్పేవాళ్లు లేరుగా."

"నాకూ భయమేనండీ. ఇలాంటిది నేనూ ఎప్పుడూ చదవలేదు."

అతనికీ తెలియనిది ఒకటుందని వినగానే ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"అయితే ముందు ఆ 'అండీ' కొట్టెయ్," అంది, అతని చెయ్యి పట్టుకుని వానలోకి దిగుతూ.